భద్రయ్య వెలిగించిన సీసా

పద్మారావు నగర్‌లో భద్రయ్య ఆ పొద్దున అనుకున్నవి రెండే పనులు: పూజ ముగించడం, కోడలు సుకన్యను ముంబై రైలెక్కించడం. అక్కడి రియాక్టర్ దగ్గర న్యూట్రాన్లతో పరీక్ష చేసుకోవడానికి ఆమెకు మూడు రోజులు ఇచ్చారు. ఏడాదిన్నర ఎదురుచూస్తే దొరికిన మూడు రోజులవి. ఆమె పరీక్షకు పట్టుకెళ్ళే స్ఫటికంలో అణువులు వరుసగానే నిలబడతాయట, కానీ నిలబడ్డచోటే దేనికి తోచినట్టు అది తిరుగుతుందట. అదేం చదువో భద్రయ్యకు ఒక్క ముక్క ఎక్కలేదు.

హారతి వేళకు చూస్తే కర్పూరం డబ్బా ఖాళీ. దేవుడి పాదాల దగ్గర మాత్రం ఒక చిన్న సీసాలో తెల్లటి పలుకులు, అదే వాసన. భార్య లచ్చమ్మ ముందుచూపుకు మురిసిపోయి మొత్తం హారతి పళ్ళెంలో పోసి వెలిగించేశాడు.

చాయ్ తాగుతూ సుకన్య, దేవుడి ముందున్న సీసా తీసుకుని బయల్దేరతానంది. ఆ ఇంట్లో హాల్‌టికెట్లయినా, కొత్త బండి తాళాలయినా ముందు దేవుడికి చూపించాల్సిందే, లచ్చమ్మ ఊరుకోదు. తాను కాల్చింది కోడలి పరీక్ష సరుకని భద్రయ్యకు అప్పుడు తెలిసింది. చెప్పులేసుకుని కర్పూరం కోసం దుకాణానికి పరుగెత్తాడు.

ఈలోగా లచ్చమ్మ ఖాళీ సీసా చూసింది. మూత తీస్తే ఆ సరుకు గాలికి ఎగిరిపోతుందని కోడలు చెప్పి ఉంది. బొట్టు పెట్టేటప్పుడు మూత తీసింది తానే. పాపం, పటికబెల్లం దంచి నింపేసింది.

భద్రయ్య వచ్చేసరికి సీసా నిండుగా ఉంది. తన చేత్తో కాల్చింది మళ్ళీ ఎట్లా వచ్చింది? నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంది. బుర్ర తిరిగిపోయింది. దాన్ని ప్రసాదం పళ్ళెంలో పోసి, కర్పూరం నలిపి సీసా నింపాడు. వెనకే లచ్చమ్మ వచ్చి వాసన చూసింది.

"పటికబెల్లం కర్పూరమెట్ల అయింది?"

"అది పటికబెల్లమని నీకెట్ల ఎరుక?"

ఇద్దరి గుట్టూ బయటపడింది. బయట కొడుకు హరికిషన్ ఆటో తెచ్చి హారన్ కొట్టిస్తున్నాడు. ఇక దాచి లాభం లేదని భద్రయ్య కోడలి ముందు నిలబడ్డాడు.

"బిడ్డా, నీ ఏడాదిన్నర నేను హారతిల కాల్చిన." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సుకన్య నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది.

"అసలుది సీల్ చేసి బ్యాగుల పెట్టిన, మామయ్యా. అత్తమ్మ ఊకోదని మన డబ్బాల కర్పూరమే సీసాల పోసిన."

అప్పటికిగానీ డబ్బా ఎందుకు ఖాళీ అయిందో భద్రయ్యకు తెలియలేదు.

భార్యను రైలెక్కించి వచ్చిన హరికిషన్ ప్రసాదం నోట్లో వేసుకుని, పటికబెల్లానికి కర్పూరం వాసనేందని అడిగాడు. అణువుల సంగతి నీ పెండ్లాన్నే అడుగు అన్నాడు భద్రయ్య.