ఇండెక్సుల వేరు కాపురం

గోపాలకృష్ణంరాజుతో వచ్చిన చిక్కల్లా, దేన్నీ దేనితోనూ కలిపి ఉంచనివ్వకపోవడమే. ఉప్పూ పప్పూ ఒకే అరలో కనిపిస్తే ఆయనకు నిద్రపట్టదు. భార్య హైమనీ తననీ మాత్రం ఒకే ఇంట్లో ఎలా ఉండనిచ్చారో ఆవిడకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఆదివారం పెద్దాపురం మరిడమ్మ జాతరకు ప్రయాణం. హైమ పుట్టిన ఊరు. చిన్ననాటి స్నేహితురాలు నీలవేణి ఎన్నో ఏళ్లకు అక్కడికి వచ్చింది, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. రాజమండ్రిలో కారెక్కుతుంటే రాజుగారు ఒక చిన్న పెట్టె అందించారు.

"ఇది నీ సంచిలో పెట్టు. కాలవ రోడ్డున వెళ్దాం, దారిలో సామర్లకోటలో పావుగంట పని. పల్లంరాజు బావ కొట్లో కంప్యూటర్ నత్తలా నడుస్తోందంట. ఈ కొత్త డిస్కు తగిలించి, టేబుళ్లు అందులో, ఇండెక్సులు ఇందులో పెడితే పరిగెడుతుంది."

"మీ పావుగంటలు నాకు కొత్తా అండీ?"

టేబుళ్లంటే లెక్కలన్నీ ఉండే చోటు, ఇండెక్సులంటే ఏది ఎక్కడుందో చెప్పే పట్టికలు. ఆ రెండింటి చేతా వేరు కాపురం పెట్టించాలన్నది రాజుగారి తొలి ఉద్యోగం నాటి నమ్మకం. అప్పట్లో సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్‌కు రెండు డిస్కులు. కొత్త పెళ్లికూతురు హైమ క్యారేజీ పట్టుకెళ్తే ఒకటి గురగుర, ఇంకొకటి టకటక. "విన్నావా, పని పంచుకుంటున్నాయి" అనేవారాయన, అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని. కిటికీలోంచి చెరకు మడ్డి మొలాసిస్ వాసన. ఆ వాసన తగిలితే ఆవిడకు ఇప్పటికీ క్యారేజీ సర్దాలనిపిస్తుంది.

ఇప్పటి డిస్కులు చప్పుడు చేయవు. ఆ లోటు రాజుగారు తీరుస్తున్నారు.

పల్లంరాజుది రొయ్యల మేత కొట్టు. హైమ ఎదురు కొట్లో పూలు కొనుక్కుని వచ్చేసరికే పని మొదలైపోయింది. "డిస్కు తగిలించావా వెంకటేష్?" అన్నారు రాజుగారు, తెర మీంచి తల తిప్పకుండా.

"ఆఁ, అయిపోయిందండి" అన్నాడు గుమస్తా వెంకటేష్.

హైమ సంచి తడిమి చూసుకుంది. పూలకింద పెట్టె పదిలంగా ఉంది. "ఏవండీ..." అంది.

"ఉండు హైమా, ఇవి నీకు తెలిసే పనులు కావు."

హైమ ఉంది. కుర్చీ లాక్కుని, పూలు కట్టుకుంటూ, హాయిగా ఉంది.

పాత ఇండెక్సులు తీసేసి మళ్లీ కట్టేసరికి భోజనాల వేళ దాటింది. ఫోన్‌లో నీలవేణి, "బస్సు టైమవుతోందే, వస్తున్నావా లేదా?" అంటోంది. అంతలో మీట నొక్కీనొక్కగానే బిల్లు వచ్చి పడింది.

"అబ్బో!" అన్నాడు పల్లంరాజు. "బావా, నా మిగతా మూడు కొట్లలోనూ ఈవేళే చేసేద్దాం. రొయ్యల వేపుడు చేయిస్తాను, ఉండిపోండి."

"దానికేం బావా! వేరు డిస్కు మహిమంటే అదే మరి."

జాతర గంగలో కలిసేలా ఉంది. హైమ పెట్టె తీసి బల్లమీద పెట్టింది. "మరి ఇదేంటండీ?"

సీలు కూడా ఊడలేదు. అందరూ వెంకటేష్‌ వైపు చూశారు. "పెద్దవారు అడిగారు కదండీ... లేదనడం బాగోదని..." అన్నాడతను. తెరమీద రాజుగారు చూసిన రెండో డిస్కు, పాత డిస్కులోనే విడదీసిన ఓ భాగం.

"ఒకే గదిలో దుప్పటి అడ్డం కట్టి, వేరు కాపురం అన్నారన్నమాట!" అంది హైమ.

"మరి వేగం ఎలా వచ్చిందమ్మా?" అన్నాడు పల్లంరాజు.

"ఏళ్లతరబడి ముట్టని పట్టికల అర దులిపి సర్దారు కదా అన్నయ్యగారూ. అయినా పట్టిక చూశాకే కదా సరుకు దగ్గరికెళ్లేది? ఒకదాని తర్వాత ఒకటి చేసే పనికి రెండు గదులెందుకు?"

రాజుగారు తెర మీద డిస్కుల వివరాలు మళ్లీ చూసుకున్నారు. "నిజమే. పొరబడ్డాను" అన్నారు.

"కాస్త గట్టిగా అనండి, నీలవేణి లైన్‌లోనే ఉంది."

గట్టిగా అన్నారు. ఆ మాట ఎదురుగా వినాలని నీలవేణి బస్సు మానుకుంది.

కారు చక్కెర ఫ్యాక్టరీ దాటుతుంటే హైమ అడిగింది, "మరి ఆ రోజుల్లో అండీ? గురగుర, టకటక?"

"అప్పుడూ పెద్ద తేడా ఉండేది కాదేమో. నువ్వు క్యారేజీతో వచ్చేదానివి, పొద్దు ఇట్టే గడిచిపోయేది. డిస్కుల వల్లే అనుకున్నాను. అదీ పొరపాటే."

ఇన్నేళ్లలో ఇండెక్సుల గురించి ఆయన చెప్పినవాటిలో హైమకు పూర్తిగా నచ్చింది ఇదొక్కటే.