అటువైపు ఎవరైనా వెళ్తున్నారా?

పెట్రోలు ధర ఇంకా పెరగాలి! నవ్వకండి, ఆలోచించే రాస్తున్నాను.

ధర తక్కువగా ఉన్న రోజుల్లో మనం ఏం చేశాం? అగ్గిపెట్టె కోసం బండి తీశాం. వీధి చివర సెలూన్‌కి కారులో బయల్దేరి, అక్కడ పార్కింగ్ దొరక్క, కారు మళ్లీ ఇంటి ముందే పెట్టి నడిచి వెళ్లాం.

ఇప్పుడో? మా రెండో అంతస్తు లెక్చరర్ కాలేజీకి నడిచే వెళ్తున్నాడు. ఆయన పొట్ట తగ్గింది. క్లాసుకు అరగంట ఆలస్యంగా చేరుతున్నాడు కాబట్టి పిల్లలకు ఆయన సబ్జెక్టు మీద ఇష్టం పెరిగింది. ఒక్క ధరతో రెండు లాభాలు!

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన బోర్డు పెట్టాం. బండి తీసేవాళ్లు ఎటు వెళ్తున్నారో దాని మీద రాయాలి. మిగతావాళ్లు ఆ కింద తమ పనులు చేరుస్తారు. మందులు, మిక్సీ రిపేరు, కళ్లజోడు. పోయిన నెల మా ప్లీడరుగారు ఒక పెళ్లికి వెళ్లి, ఆరు కుటుంబాల తరఫున శుభాకాంక్షలు చెప్పి, ఆరు కుటుంబాల తరఫునా భోంచేసి వచ్చారు.

మా అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆమె ఇల్లు ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. ఇదివరకు ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. బస్సులో వెళ్లొచ్చుగా అంటారా? బస్సు ఛార్జీ కూడా పెట్రోలును చూసే నడక నేర్చుకుంది.

అందుకే బోర్డు మీద 'మా అక్కను పలకరించాలి' అని రాశాను. కింది అంతస్తు దర్జీ గుండీల కోసం అటే వెళ్తుంటాడు. నెలలో మూడుసార్లు పలకరించాడు. ఇల్లు కదలకుండా తమ్ముడి బాధ్యత తీరిపోయింది!

మొన్న మూడోసారి వెళ్లొచ్చి రిపోర్టు ఇచ్చాడు.

"అక్కగారు కర్ర లేకుండా నాలుగడుగులు వేశారండీ. నా భుజం పట్టుకుని."

"నా గురించి అడిగిందా?"

"అడిగారండీ. 'వాడు ఊళ్లోనే ఉన్నాడా?' అన్నారు."

ధర పెరగాలని ఇంతదూరం వాదించాక మాట మార్చడం కాలమిస్టుకు మర్యాద కాదు. కాబట్టి మార్చను. ఆ భుజం నాది కావాల్సిందని మాత్రం మీతో చెప్పి ఊరుకుంటాను.

ఈ ఆదివారం అక్క ఇంటికి నేనే వెళ్తున్నానని బోర్డు మీద రాశాను. గంటలో పద్నాలుగు పనులు చేరాయి. చివరిది దర్జీ రాసింది.

'అక్కగారిని అడిగానని చెప్పండి. ఈసారి అయిదడుగులు వేయించండి.'