బంతి కింద లోకల్

విజయనగరం మ్యాచ్‌లో గాల్లోకి లేచిన బంతి కిందికి రాకపోవడంతో, దాని కింద నిలబడ్డ కింతలి పైడిరాజును క్రికెట్ సంఘం వారు శాశ్వత ఫీల్డరుగా ఖాయం చేశారు. బంతి మామూలుగానే లేచింది. బౌండరీ దగ్గరున్న పైడిరాజు చేతులు చాచి "నాదే!" అని అరిచాడు. ఆటలో ఆ మాటకో కట్టుబాటుంది. ఒకరు "నాదే" అన్నాక ఇంకెవరూ ఆ బంతి జోలికి రాకూడదు. ఎవరూ రాలేదు. బంతి కూడా రాలేదు.

అది గాలివాటున జిల్లా దాటింది. బంతి ఏ జిల్లా మీదుంటే పైడిరాజు ఆ జిల్లా జట్టుకు బదిలీ అయినట్టు. అనకాపల్లికి ఆడాడు, కాకినాడకు ఆడాడు, ఏలూరుకు ఆడాడు. ఆడడమంటే పైకి చూస్తూ నడవడమే. తలెత్తుకు తిరిగిన ఆటగాడని పేపర్ల వాళ్ళు మెచ్చుకున్నారు. భార్య రవణమ్మ ముందు నడుస్తూ గోతులూ గేదెలూ ఎక్కడున్నాయో చెప్పేది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు "ఎన్నాళ్ళుంటారు?" అంటే "గాలిని బట్టండి" అనేది. ఉద్యోగస్తుల పేటల్లో ఆ జవాబు ఎవరికీ వింతగా తోచలేదు.

నెల్లూరు దాటబోతూ బంతి దిగడం మొదలుపెట్టింది. పేచీ అప్పుడే లేచింది. నాన్‌లోకల్ పట్టిన క్యాచ్ చెల్లదని, విజయనగరంలో ఆ బంతి కొట్టిన బ్యాట్స్‌మన్ అభ్యంతరం పెట్టాడు. ఆయన నాటౌట్‌గా ఉంటూనే ఆఫీసులో ప్రమోషన్లు తీసుకుని, ఇప్పుడు హెల్మెట్ కింద జుట్టుకు రంగేసుకుంటున్నాడు. క్యాచ్ చెల్లకపోతే అది సిక్సరే. పైడిరాజు బతుకంతా మెడనొప్పి కింద జమ. లోకల్ అని రాసివ్వమంటే నెల్లూరు వాళ్ళు "మావాడు కాడు" అన్నారు. విజయనగరం వాళ్ళు "ఎప్పుడో పోయాడు" అన్నారు. రెంటికీ చెడ్డ రేవడని సామెత. పైడిరాజు మధ్యలో జిల్లాలన్నిటికీ చెడ్డాడు.

విచారణకు తహసీల్దారు ఇందుమతి గారు ఆఫీసు బయటికి వచ్చారు.

"ఏ ఊరండీ మీది?"

"ఏ ఊరని సెప్పమంతారు మేడమ్? కిందికి సూసి శానా కాలమైపోనాది," అన్నాడు పైడిరాజు, తల దించకుండానే.

రవణమ్మకు ఒళ్ళు మండింది. "ఊరేటమ్మా ఊరు! ఆ బంతి నీడ ఏ పూటైనా ఈ మనిసి నెత్తి దిగిందేటో సూడండి. కట్టుకున్నదాన్ని, నాకే అంత సోటు నేదు."

ఇందుమతి గారు చూశారు. ఎండకు మాడిన అతని నుదుటి మీద బంతంత మేర తెల్లగానే ఉంది. నిబంధన స్థిర నివాసమే అడిగింది, అది నేల మీదే ఉండాలనలేదు. ఆవిడ "బంతి కింద లోకల్" అని రాసి సంతకం పెట్టారు. ఆవిడా బదిలీ మీద వచ్చినావిడే.

బంతి దిగింది. పైడిరాజు పట్టాడు.

దారిలోని జిల్లాలన్నీ "మావాడే" అని ఈలలు వేశాయి. విజయనగరంలో అంపైరు కబురు విని వేలెత్తాడు. బ్యాట్స్‌మన్ రంగు జుట్టుతో ఇంటికెళ్ళాడు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. పైడిరాజు మెడ వంచి ఇన్నాళ్ళకు భార్య మొహం చూశాడు.

"తల ముగ్గుబుట్టయిపోనాదేటే?"

"నీదేటి, నల్లగున్నాదా?" అని రవణమ్మ ఏడుస్తూ నవ్వింది.

ఇందుమతి గారు దగ్గరికొచ్చి మర్యాదగా చెప్పారు. "సంతోషమండీ. అయితే బంతి చేతికొచ్చాక దాని కింద అనే చోటే ఉండదు కదా. ఆ కాగితం ఇక చెల్లదు. ఇప్పుడు ఏ ఊరని రాయమంటారు?"

పైడిరాజు అన్ని దిక్కులా చూశాడు. కింద చాలా ఊళ్ళున్నాయి. ఒక్కటీ అతను చూసినట్టు లేదు. రవణమ్మ అప్పటికే కొంగు నడుముకు దోపుకుంది.

క్యాచ్ పట్టినవాడు బంతిని గాల్లోకి ఎగరేయడం ఆనవాయితీ. పైడిరాజు బలంకొద్దీ ఎగరేశాడు. జనం కేరింతలు కొడుతుంటే అది పైకి పోయి, అక్కడ ఆగి, మెల్లగా పడమటికి కదిలింది.

"నాదే!" అని అరిచాడు పైడిరాజు.

"మనదే," అంది రవణమ్మ, ముందుకు నడుస్తూ. "గొయ్యున్నాది. ఎడంపక్కకి రా."