సర్వమత ఇడ్లీ

ఎనిమిదింటికి ఇడ్లీ, ఎనిమిదిన్నరకి పరదేశి ఉపన్యాసం, తొమ్మిదింటికి ఫొటో. ఆ ఉదయానికి లక్ష్మీనరసింహం వేసుకున్న ప్రణాళిక ఇంతే. చోడవరంలో అన్ని మతాల పెద్దలనీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి టిఫిను పెట్టాలని, రిటైరైన నాటి నుంచీ అతనికి కోరిక.

పరదేశి సామాన్యుడు కాడు. యాభై ఏళ్ళ కిందట టీకొట్టులో దళితులకి వేరే గ్లాసు పెడితే, ఆ గ్లాసు వద్దని అందరితో పాటు బల్లమీద కూర్చుని, చెయ్యి విరగ్గొట్టించుకున్నవాడు. ఈ సభకి నాలుగేళ్ళుగా పిలుస్తుంటే రానన్నాడు. "మైకు ముందర పొగుడుతారు, పక్కన కూకొని తినరు," అనేవాడు. "తింటారండి. పూచీ నాది," అని లక్ష్మీనరసింహం మాటిచ్చాకే ఒప్పుకున్నాడు. ఆ మాట పోతే ముసలాయనకి మళ్ళీ మొహం చూపించలేడు.

తేదీ పెట్టింది మాత్రం లక్ష్మీనరసింహమే. ముప్పై ఆరేళ్ళ ఆఫీసు ఉద్యోగం అతనికి కేలండర్లో ఎర్ర అంకె వెతకడం నేర్పింది గానీ, దాని కింద ఏం రాసుందో చదవడం నేర్పలేదు. తీరా ఆ శనివారం స్నానం చేసి వచ్చి కాఫీ అడిగితే, భార్య లక్ష్మీసుందరి వింతగా చూసింది.

"శివరాత్రి పూట కాఫీ ఏటండీ? ఉపాసం కదా."

అతను కేలండరు దగ్గరికి పరిగెత్తాడు. మనవాళ్ళు తినకపోతే మానె, మిగతావాళ్ళు తింటారులే అని ధైర్యం తెచ్చుకుని మసీదు హజరత్‌గారికి ఫోను చేశాడు. ఆయనకి రంజాను నెల ఉపవాసం, రోజా. పాస్టరుగారికి చేశాడు. ఆయనకి ఈస్టరు ముందరి నలభై రోజుల ఉపవాసం. పిలుపు మన్నించి వచ్చి కూర్చుంటాం గానీ, నోట్లో ఏమీ వేసుకోమన్నారు. మొత్తానికి మూడు మతాలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. ఆ మాట "తినం" అని.

సెలవు చూసుకుని పండగ మరిచిపోయానని ఎలా చెప్పుకోవడం? "పరదేశిగారి ముందు ఉపవాసం మాట ఎత్తకండి, నా పరువు పోతుంది. ఏదో ఒకటి చెప్పి దాటేయండి," అని అందరినీ పేరుపేరునా బతిమాలాడు.

కల్యాణమండపంలో ఆకులు వేశారు. వంట చేసిన సన్యాసమ్మ ఆకుకి నాలుగేసి ఇడ్లీలు పెట్టింది. మధ్యలో కూర్చున్న పరదేశి ఒక ముక్క తుంచి అటూ ఇటూ చూశాడు. ఎవరి చెయ్యీ కదలడం లేదు.

"తినరేటండీ పంతులుగారూ?"

"ఇంటి దగ్గర తినొచ్చేనండి," అన్నాడు పూజారి.

"మీరో?"

"కడుపులో బాగోలేదండి," అన్నారు పాస్టరుగారు. రోజాలో అబద్ధమాడలేక హజరత్‌గారు దగ్గు తెచ్చుకున్నారు.

పరదేశి ఆ ముక్కని ఆకులో పెట్టేశాడు. "యాభై ఏళ్ళ కితం ఓ పెళ్ళిలో నేను పంక్తిలో కూకుంటే ఇదే సెప్పేరు. ఒకడు ఇంటికాడ తినొచ్చేనన్నాడు, ఇంకొకడు కడుపునొప్పన్నాడు. మాటలు కూడా మార్లేదు," అని కర్ర అందుకుని లేచాడు.

లక్ష్మీనరసింహానికి ఏడుపొక్కటే తక్కువ. పరువు గట్టున పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు నాదండి. ఇవాళ శివరాత్రి. వారికి రోజా, వీరికి ఉపవాసం. చూసుకోకుండా తేదీ పెట్టేను. అబద్ధం చెప్పమన్నదీ నేనే."

"శివరాత్రని నాకు తెల్దనుకున్నారేటి? మా ఊళ్ళో పొద్దున్నే మైకు మొదలెట్టేసేరు," అన్నాడు పరదేశి. "తెలిసే వచ్చేను. మాటిచ్చినాయన ఏటి సేత్తాడో సూద్దారని. ఉపాసమంటే నేనేటంటాను, ఎవల నమ్మకం వాళ్ళది. కడుపునొప్పంటేనే నాకు మండుతాది."

పరదేశి వంటగది వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు తిన్నావేటి?"

"మీరందరూ అయ్యేక ఎనకాల తింతాం బాబూ," అంది సన్యాసమ్మ. "నాకూ, గిన్నెలు తోమే మంగాయమ్మకీ, దేముడమ్మకీ ఉపాసాల్లేవు. మాకు పనుంది."

"అయితే ముగ్గురూ ఇటొచ్చి కూకోండి."

వాళ్ళు చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, సిగ్గుపడుతూ ఆకుల ముందు కూర్చున్నారు. మరి వడ్డించేదెవరు? ముందు పూజారి లేచి ఇడ్లీల పళ్ళెం అందుకున్నాడు. హజరత్‌గారు సాంబారు బకెట్టు ఎత్తారు. చట్నీ ఇంకొంచెం వెయ్యమని దేముడమ్మ అడిగితే పాస్టరుగారు గబగబా వచ్చారు. పరదేశి మళ్ళీ కూర్చుని, అందరికన్నా ముందు ఆకు ఖాళీ చేసి మారు అడిగాడు. ఉపన్యాసం జరగలేదు, ఆయన నోటికి తీరిక లేదు.

ఆ పూట పంక్తిలో కూర్చుని తిన్న నలుగురిలో ఆహ్వానం అందినవాడు ఒక్కడే.