డాక్టరు గారి బండి

ఒక పెద్ద అడవిలో, అందరికీ కాళ్లుండి ఎవరికీ కాళ్ల మీద నమ్మకం లేని రోజుల్లో, సింగారయ్య అనే దుప్పి కాపురం ఉండేవాడు. భార్య పేరు నేరేడమ్మ. వాగు ఒడ్డున వాళ్లకి తాతల నాటి గడ్డి వాటా ఉంది. తిండికి లోటు లేదు. ఉన్న లోటల్లా సింగారయ్య వెనక కాల్లో ఉంది.

మొన్న వానాకాలంలో పులి తరిమితే పరిగెడుతూ బురదలో జారి పడ్డాడు. ఎలాగో లేచి బయటపడ్డాడు గానీ, అప్పట్నించీ పరుగు మధ్యలో ఆ కాలు పట్టేస్తోంది. ఈ సంగతి పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దుప్పికి కాలు బాగోలేదని అడవిలో తెలిస్తే పరామర్శకి అందరికంటే ముందు పులే వస్తుంది.

పులి పేరు శార్దూలరాయుడు. అడవికి రాజు. ఆయనకీ వయసు మీద పడింది, మోకాళ్లు అరిగాయి. ఆయన కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒక్క నక్కకి తప్ప.

ఇలా ఉండగా అడవి పంచాయతీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తారు రోడ్డు వేయించింది. ప్రెసిడెంటు ఏనుగు రిబ్బను కత్తిరించి, అభివృద్ధి అంటే ఏమిటో భోజనాల వేళ దాటేదాకా చెప్పాడు. రోడ్డు మొదట్లోనే నక్క జంబులింగం కార్ల దుకాణం తెరిచాడు. కొత్తవీ ఉన్నాయి, సెకండ్ హ్యాండువీ ఉన్నాయి.

రోడ్డు పడ్డ కొత్తలో రాజుగారు పంచాయతీకి ఒక విన్నపం పంపారు. వెదురుపొద మలుపు దగ్గర పిల్లలు రోడ్డు దాటుతుంటారు, బండ్లు జోరుగా పోతే ప్రమాదం, అక్కడొక స్పీడ్ బ్రేకర్ ఉంటే బాగుంటుంది అని. రాజుగారికి పిల్లల మీద ఇంత ప్రేమా అని సభలో కుందేళ్లు కళ్లు తుడుచుకున్నాయి. తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. పని ప్రెసిడెంటు గారే దగ్గరుండి చేయించాడు. ఏనుగు అడుగుకి అడ్డు తగలని ఎత్తే కదా అని కట్టించాడు. మిగతావాళ్లకి అదొక చిన్న కొండ.

దాంతో అడవిలో ఒక ఆచారం మొదలైంది. ఎంత గొప్ప బండైనా వెదురుపొద దగ్గరికి రాగానే ఆగాలి. లోపలున్నవాళ్లు దిగాలి. ఒకరు వంగి బండి పొట్ట కిందికి చూస్తూ "రానీ, రానీ" అనాలి. ఒక్కడే వస్తే వాడే దిగి, వాడే వంగి చూసుకుని, మళ్లీ ఎక్కాలి. దీనికి ఎవరూ సిగ్గుపడలేదు. బండి ఉన్నవాడికే కదా వంగే యోగం అని లేనివాళ్లు కుళ్లుకున్నారు.

సింగారయ్యకి మొదట్లో బండి మీద ధ్యాస లేదు. అది పట్టుకున్నది అత్తారింట్లో. తోడల్లుడు బంగారయ్య కొత్త కారు కొని, మరదలి పిల్ల బారసాలకి అందులో దిగాడు. నలుగురూ నడిచే దారికి అడ్డంగా పెట్టి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ లోపలికొచ్చాడు. అత్తగారు బంగారయ్యకి లేత చిగుళ్లు వడ్డించి, సింగారయ్య ముందు నిన్నటి గడ్డి పెట్టింది. అది నిన్నటిదని ఆవిడ దాచలేదు కూడా.

ఇంటికొచ్చే దారిలో కాలు రెండుసార్లు పట్టేసింది. ఇంక బండి కొనకపోతే బతకలేనని సింగారయ్య తేల్చేశాడు. మర్యాద మాట అటుంచి, పులి వెంటపడితే ఈ కాలితో ఎంతదూరం పోగలనని నేరేడమ్మని అడిగాడు. దానికి ఆవిడ గుంపులో ఉందాం, పొదల దారిన పోదాం అంది. మగాడికి అది జవాబులా వినిపించలేదు.

పక్క చెట్టు మీద కాపురం ఉండే కొండముచ్చు అంజయ్య ఇదంతా వింటున్నాడు. పులి కనిపిస్తే చెట్టు మీంచి ఖొక్కు ఖొక్కుమని అరిచి దుప్పుల్ని హెచ్చరించడం వాళ్ల వంశంలో ముత్తాతల నుంచీ వస్తున్న పని. ఆ రోడ్డు ఎక్కినవాళ్లు రాజుగారి కడుపులోకి పోతున్నారని, తను గొంతు చించుకున్నా అద్దాలు ఎత్తేసి పాటలు పెట్టుకుని ఒక్కడూ వినడంలేదని చెప్పాడు. మరి మొన్న బండి కొన్న ఎర్ర కొండగొర్రె నీలయ్య ఏమయ్యాడనుకున్నావని అడిగాడు. నీలయ్య రాజుగారి కొలువులో చేరాడని అడవంతా అనుకుంటోంది. అంజయ్యకి బండి లేదు, అందుకే ఈ ఏడుపని సింగారయ్య లోపల అనుకున్నాడు. కొనాలని తీర్మానించుకున్నవాడి చెవికి చెడ్డమాట ఎక్కదు.

మర్నాడు మొగుడూ పెళ్లాం దుకాణానికి వెళ్లారు. జంబులింగం ఎదురొచ్చి, బావగారూ అని వరస కలిపి, తేనె కలిపిన మంచినీళ్లు ఇప్పించాడు. కొత్త బండి చూపించమంటే నవ్వాడు. కొత్తది గేటు దాటగానే పాతదైపోతుంది, మీలాంటి తెలివైనవాళ్లు అలాంటివి కొనరు అన్నాడు. సింగారయ్యని తెలివైనవాడని ఈమధ్య ఎవరూ అనలేదు. అక్కడికి సగం బేరం అయిపోయింది.

చూపించింది ఎర్రటి స్పోర్ట్ సెడాన్. చిన్నది, నేలని నాకుతున్నంత కిందికి ఉంది. వెనకాల రెక్కలాంటిది ఒకటి ఉంది. ఎందుకని అడిగితే, ఉంటే బాగుంటుందని చెప్పాడు. కుర్చీలో కూర్చుని తొక్కితే పులి ఒళ్లు విరుచుకునే లోపల వాగు దాటేస్తారన్నాడు. సింగారయ్యకి కాలు గుర్తొచ్చి గుండె నిండిపోయింది. ఆ ఒక్క మాటకే ఏమిచ్చినా ఇవ్వొచ్చనిపించింది.

"ఎవరి బండండీ ఇది?" అంది నేరేడమ్మ.

"డాక్టరు గారిదమ్మా. వడ్రంగిపిట్ట డాక్టరు గారు లేరూ, ఆయనది. ఒకే ఓనరు. చాలా తక్కువ తిరిగింది."

రెక్కలుండగా ఆయనకి కారెందుకని సింగారయ్యకి తట్టలేదు. నేరేడమ్మ మాత్రం సీటు మీదికి వంగి చూసి, డాక్టరు గారికి ఈకలుండాలి గానీ ఈ ఎర్రటి వెంట్రుకలు ఎక్కడివని అడిగింది.

"పేషెంట్లవి," అన్నాడు జంబులింగం.

ఒక్క చిక్కొచ్చింది. ఎక్కి కూర్చుంటే సింగారయ్య కొమ్ములు పైకప్పుకి తగిలాయి. జంబులింగం ఒక మీట నొక్కాడు. కప్పు మధ్యలో కిటికీ తెరుచుకుంది. సన్‌రూఫ్ అన్నాడు. మీలాంటివాళ్ల కోసమే పెట్టిస్తారన్నాడు. కొమ్ములు పైకి పెట్టుకుని సింగారయ్య రాజసంగా కూర్చున్నాడు. వానొస్తే ఏం చేయాలని నేరేడమ్మ అడిగింది. ఎవరూ వినలేదు.

బండికి బదులుగా వాగు ఒడ్డు గడ్డి వాటా నక్క పేర రాసిచ్చాడు. నక్కకి గడ్డెందుకని అడగడానికి ఆ సంతోషంలో ఎవరికి తీరిక? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద కుంకుమబొట్టు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీశారు. తాళంచెవి చేతిలో పెడుతూ జంబులింగం చివరిగా ఒక మాట చెప్పాడు.

"బావగారూ, బండి కాస్త కిందికుంటుంది. వెదురుపొద దగ్గర ఆపి, ఓసారి దిగి, వంగి చూసుకోండి. దిగితే బండికి మంచిది."

ఇంకేముంది, మర్నాడు నేరుగా అత్తారింటికే బయల్దేరాడు. నేరేడమ్మ ఎక్కనంది. ఆ సీటు వాసన నాకు నచ్చలేదు, నేను పొదల దారిన నడిచొస్తానంది. నీ ఖర్మ అనేసి, అద్దాలు ఎత్తి, పాటలు పెట్టి, పొద్దున్నే రోడ్డెక్కాడు. నిజం చెప్పొద్దూ, బండి బాగా పోయింది. చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. ఇన్నాళ్లూ ఒళ్లు దాచుకుని, గాలి వాసన చూసుకుని, ఆకు కదిలితే ఉలిక్కిపడి బతికిన బతుకంతా సింగారయ్యకి దండగనిపించింది. నవ్వొచ్చింది కూడా. ఒక్కడే గట్టిగా నవ్వుకున్నాడు.

వెదురుపొద మలుపు వచ్చింది. చిన్న కొండ ఎదురుగా ఉంది. ఆచారం ప్రకారం బండి ఆపాడు. దిగడానికి తలుపు గడి తీశాడు.

అప్పుడు నెత్తి మీద ఖొక్కు ఖొక్కుమని అరుపు వినిపించింది. అంజయ్య. ఇన్నాళ్లూ అద్దాల బయటే ఆగిపోయిన అరుపు, కొమ్ముల కోసం తెరిచిపెట్టిన కంతలోంచి సూటిగా సింగారయ్య చెవిలో పడింది. చిన్నప్పట్నించీ ఆ అరుపుకి అలవాటైన ఒళ్లు, మనసుని అడక్కుండానే బిగుసుకుంది. వెదురుపొద వైపు చూశాడు. వెదుళ్లలో కొన్ని పసుపుపచ్చగా ఉన్నాయి. వాటికి నల్లచారలున్నాయి.

సింగారయ్య ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. బండి ఎగిరి స్పీడ్ బ్రేకర్ ఎక్కింది, పొట్ట ఆనించి అక్కడే కూర్చుంది. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. పులి ఒళ్లు విరుచుకుంది. విరుచుకోవడం పూర్తయ్యాక మెల్లగా నడుచుకుంటూ వచ్చి, అద్దం మీద గోటితో కొట్టింది.

"దిగండి," అన్నారు రాజుగారు మర్యాదగా. "దిగితే బండికి మంచిది."

ఆ మాట విన్నాక సింగారయ్యకి అన్నీ అర్థమయ్యాయి. ఎర్రటి వెంట్రుకలు నీలయ్యవి. కొలువంటే ఎక్కడో కూడా అర్థమైంది. నేరేడమ్మ ఈపాటికి పొదల్లో తనకోసం వెనక్కి చూసుకుంటూ నడుస్తుంటుందని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కాలు పట్టేస్తుందేమోనని ఆలోచించే తీరిక కూడా లేదు. సీటు మీద నాలుగు కాళ్లూ కూడగట్టుకుని, కప్పులో ఉన్న కంతలోంచి ఒక్క గెంతు గెంతాడు. కప్పు మీద పడి, అక్కణ్నించి రోడ్డవతల పడి, పొదల్లో పడ్డాడు. పట్టేయాల్సిన కాలు ఆ పూట మర్చిపోయింది.

రాజుగారు తరమలేదు. వంగినవాళ్లని పట్టుకోవడం అలవాటై ఆయన పరిగెత్తి చాలాకాలమైంది. బండి ఉండగా పరుగెందుకని గడి తీసి ఉన్న తలుపు లాగి లోపల కూర్చుని, దాన్ని గట్టిగా వేసుకున్నారు. తొక్కారు. చక్రాలు గాలిలో తిరిగాయి. ఇంకా తొక్కారు, ఇంకా తిరిగాయి. విసుగొచ్చి దిగబోతే లోపలి గడి పంజాలోకి ఊడొచ్చింది. సెకండ్ హ్యాండు బండి కదా. పైకప్పు కంత దుప్పికి సరిపోయింది గానీ రాజుగారి పొట్టకి సరిపోలేదు. తల మాత్రం బయటికి పెట్టి చూస్తే చెట్టు మీద కొండముచ్చు కనిపించింది. కన్నంలోంచి తొంగిచూసే పీతని చూసినట్టు అది ఆయన తలని చూస్తోంది. ఆయన తల లోపలికి తీసుకున్నారు.

మిట్టమధ్యాహ్నానికి జంబులింగం ఎప్పటిలాగే నీళ్ల బకెట్టు, తుడిచే గుడ్డ, ఇంకో తాళంచెవి పట్టుకుని ఈలవేసుకుంటూ వచ్చాడు. కడిగి, బొట్టు తుడిచి, మళ్లీ డాక్టరు గారి బండి చేసి నిలబెట్టడం అతని పని. తలుపు తీశాడు. పొద్దుట్నించీ ఎండలో, ఖాళీ కడుపుతో, ఊడిన గడి పట్టుకుని కూర్చున్న రాజుగారిని చూసి, భోజనం అయిందా ప్రభూ అని అడిగాడని అంజయ్య చెబుతాడు.

ఆ రోజు నుంచి జంబులింగం కూడా రాజుగారి కొలువులో చేరాడు.

సింగారయ్య ప్రాణాలతో ఇంటికి చేరాడు. నేరేడమ్మ ముందు అతని మెడ నాకి, తర్వాత తిట్టింది. జన్మలో బండి మొహం చూడనని ఒట్టేశాడు. ఆ ఒట్టు నిజంగానే వేశాడు. కానీ వాగు ఒడ్డుకి మేతకి వెళితే అక్కడ అడవిదున్నలు మేస్తున్నాయి. రాయించుకున్న రోజే నక్క ఆ వాటాని వాటికిచ్చేసిందట. మా గడ్డి అంటే అవి తల ఎత్తి ఒకసారి చూశాయి, అంతే. ఆకలి మొదలైంది. అత్తారింటికి పోదామంటే నిన్నటి గడ్డి గుర్తొచ్చింది.

ఈలోగా ప్రెసిడెంటు ఏనుగు స్పీడ్ బ్రేకర్ మీద ఇరుక్కున్న బండిని తొండంతో ఎత్తి, దుకాణం ముందు పెట్టాడు. అదైనా తన పేర మిగిలింది కదా అని సింగారయ్య రోజూ వెళ్లి తుడుస్తుండేవాడు. ఒకరోజు అటువైపు బంగారయ్య వచ్చాడు. తన కొత్త బండి అప్పుడే పాతదైపోయిందని, పైన కిటికీ ఉన్నది కావాలని ఉందని, ఎర్రబండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని కాలితో తన్ని చూశాడు.

వద్దని చెప్పడానికి సింగారయ్య నోరు తెరిచాడు. బంగారయ్య నోట్లోంచి లేత చిగుళ్ల వాసన వచ్చింది.

"ఎవరిది అన్నయ్యా ఇది?" అన్నాడు బంగారయ్య.

సింగారయ్య గుడ్డ భుజాన వేసుకున్నాడు. "డాక్టరు గారిది. ఒకే ఓనరు. తక్కువ తిరిగింది. మీ చెలమ దగ్గర గడ్డి వాటా ఉంది చూడు, అది ఇస్తే చాలు, మనలో మనకి బేరమేమిటి."

"స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద తగలదు కదా?"

కాస్త ఎడంగా నిలబడ్డ నేరేడమ్మ సింగారయ్య మొహంలోకే చూస్తోంది. ఆవిడ వైపు చూడకుండా, సీటు మీద మిగిలిన రెండు ఎర్రటి వెంట్రుకలు ఏరి కింద పారేశాడు.

"దిగి చూసుకో తమ్ముడూ," అన్నాడు. "దిగితే బండికి మంచిది."

నీతి: మోసపోయినవాడికి బుద్ధి తప్పకుండా వస్తుంది, ఆ వచ్చిన బుద్ధితోనే వాడు దుకాణం తెరుస్తాడు.