ముందు కుడికాలు

పిన్‌బాల్ మిషన్‌కి ముందు కుడికాలుగా పనిచేస్తున్న మనిషి సోమవారం మధ్యాహ్నం ఒక్కసారి వణికాడు. ఆ వణుకుకి విజయవాడ మాల్ మూడో అంతస్తులో ఆడుతున్న కస్టమర్ బంతి పక్కకి జారి కింది గాడిలో పడిపోయింది. పద్నాలుగు లక్షల పాయింట్లు పోయాయి. ఫిర్యాదు నమోదైంది. బుధవారానికల్లా విశాఖ ఆటోనగర్‌లోని మిషన్ల తయారీ కంపెనీ నుంచి విచారణాధికారి నీలవేణి దిగింది.

"ఏడు నెలలు బంగారంలా పనిచేసిందండీ మేడం ఈ కాలు," అన్నాడు గేమ్ జోన్ మేనేజర్ రఫీ. "ఇప్పుడేం మాయరోగమొచ్చిందో!"

నీలవేణి వంగి చూసింది. మూడు కాళ్లు ఉక్కువి. నాలుగోది నడుం దాకా బూడిదరంగు ఉక్కు, ఆ పైన నీలం చొక్కా, ఆ పైన గడ్డం పెరిగిన ముఖం. 'తుప్పు: లేదు' అని ఫారంలో రాసుకుంది.

అతను ఒకప్పుడు ఆ కంపెనీ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. మిషన్ బిగించడం చూడ్డానికి వచ్చాడు. మొదటిరోజే కాలి బోల్టు చెక్కలోంచి ఊడింది. ప్లైవుడ్‌కి బదులు పొట్టు నొక్కిన బోర్డు, రెండంగుళాల బోల్టుకి బదులు ముప్పావంగుళంది వాడమన్న ఉత్తర్వు పైనుంచి వచ్చింది. విచారణ పరిధి పైదాకా లేదు. కొత్త కాలు వచ్చేదాకా పట్టుకుంటానని అతను ఆ మూల కింద భుజం పెట్టాడు. స్టోర్స్ వాళ్లు ఫోటో తెప్పించుకుని, నాలుగు కాళ్లూ ఉన్నాయి కాబట్టి అయిదోది పంపడం కుదరదన్నారు. రెండో నెలలో హాజరుపట్టీలో అతని పేరు కొట్టేసి, విడిభాగాల జాబితాలో నంబరిచ్చారు. మూడో నెలలో మోకాళ్లు గట్టిపడ్డాయి. జేబులో ఫోన్ కొన్నాళ్లు మోగింది. చేతులు ఖాళీ లేవు. తర్వాత జేబు కూడా ఉక్కయింది.

రోజంతా అతని తలమీదే గంటలు మోగేవి, జనం కేరింతలు కొట్టేవారు. అతనికి కనిపించేవి చెప్పులే. మళ్లీ వచ్చిన చెప్పుల్ని గుర్తుపట్టేవాడు.

నీలవేణి నిబంధన చదివి వినిపించింది. తనిఖీ సంతకం ఎవరిదో తేలకపోతే తప్పు కంపెనీది. రేపే ఉక్కు కాలు బిగించి ఇతన్ని ఇంటికి పంపుతారు. తేలితే, మిషన్ పాడయ్యేదాకా ఆ మనిషే మోయాలి. అతని పేరు మిషన్‌కి తగిలించి, రోజూ స్విచ్ వేసేముందు మేనేజర్ పైకి చదవాలి. తనిఖీ కాగితం మీద సంతకం చెమటకి అలుక్కుపోయి ఉంది.

"ఇంకెక్కడ దొరుకుతాడండీ వాడు," అన్నాడు రఫీ. "కాలూ, అదృష్టమంటే నీదేరా. రేపు ఇంటికే!"

"ఎల్లిపోతానండి," అన్నాడతను. చాన్నాళ్లకి వాడిన గొంతు కిర్రుమంది.

"సోమవారం వణికావెందుకు?" అంది నీలవేణి.

"ఎవులో ఎనకనుంచి పేరెట్టి పిలిసినట్టయిందమ్మా. తిరిగి సూద్దామనుకున్నాను. నన్ను కాదు."

"కాలికి పేరేంట్రా!" రఫీ పగలబడి నవ్వాడు.

ఫారంలో ఒక్క గడి మిగిలింది. "ఈ మిషన్ లెవెల్ చూసి సంతకం పెట్టిందెవరో తెలుసా?"

తెలుసు. రసమట్టం పెట్టేటప్పుడు మూలకి తొడ ఆనించి నిలబడటం తన అలవాటే. ఆ తొడ ఉన్నంతసేపూ ప్రతి మిషనూ సమంగానే ఉండేది. తెలీదంటే చాలు, రేపు ఈపాటికి గాజువాక బస్సులో ఉంటాడు.

అతను రఫీ చెప్పులవైపు చూశాడు. ఏడు నెలలుగా రోజూ చూస్తున్న చెప్పులు.

"రోజూ సదువుతారా అమ్మా? పైకే?"

"పైకే. సెలవురోజుల్లో కూడా."

అతను ఆమెకి మాత్రమే వినపడేలా చెప్పాడు. ఆమె పెద్దక్షరాలతో రాసి, సరిచూసుకోడానికి కాగితం రఫీకిచ్చింది. రఫీ నవ్వాపి, కూడబలుక్కుంటూ చదివాడు.

"దారపురెడ్డి అప్పలనరసింహం."

"ఉన్నానండి," అంది కాలు.