గోంగూర పచ్చడి సాక్ష్యం

ఆ సోమవారం ఉదయం ప్రేమ్ కుమార్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నిడదవోలులో పాసింజరెక్కి, రాజమండ్రి వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు కాగితం ఇచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయడం. కొన్న పదిరోజులకే మిక్సీ పొగలు కక్కింది, అది సరే. మార్చమంటే కొట్టు యజమాని పల్లంరాజు నలుగురి ముందూ, "అమ్మగారికి వాడడం చేతకాలేదండి" అన్నాడు. ఎంత మాట. ముప్పై ఏళ్లుగా రోజూ పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి మిక్సీ తిప్పడం చేతకాదట. మిక్సీ పోతే పోయింది, ఆ మాట వాడి చేతే వెనక్కి తీయించాలి.

"లాయర్ని పెట్టుకోండి," అంది భార్య ఆశాజ్యోతి.

"ముప్పై రెండేళ్లు పిల్లలకి లేఖారచన నేర్పినవాడికి లాయరెందుకే?"

ఆ లేఖ చూసి కమిషన్ గుమాస్తా తల పట్టుకున్నాడు. "మాస్టారూ, ఫిర్యాదులో 'ఉభయకుశలోపరి' ఏంటండి?" మార్చి తెస్తే మూడు కాపీలు కావాలన్నాడు. అవి తెస్తే పేజీలకు నంబర్లు లేవన్నాడు. వేసి తెస్తే అఫిడవిట్ ఏదన్నాడు. అయిదో ప్రయాణానికి కాగితం తీసుకున్నాడు. పల్లంరాజుకు నోటీసు వెళ్లింది.

రాజీ మాట్లాడదామని నోటీసు పట్టుకుని పల్లంరాజు మాస్టారింటికే వచ్చాడు. మాస్టారు చర్చి కమిటీకి వెళ్లారు. టైము పన్నెండున్నర. అన్నాలవేళ గుమ్మంలోకి వచ్చిన మనిషిని, ప్రతివాది అయినా సరే, ఆ ఇంట్లో ఉత్తినే పంపరు. ఆశాజ్యోతి పక్కింటి తలుపులమ్మ మిక్సీలో గోంగూర పచ్చడి వేసుకొచ్చి వడ్డించింది. అతను రెండోసారి కలుపుకుంటూ, "పచ్చడి బ్రహ్మాండంగా ఉందండి. మన మిక్సీలోదేనాండి?" అన్నాడు. తింటున్న మనిషిని పట్టుకుని కాదని ఎలా అంటారు? "అవునండి," అంది.

నెల తిరక్కుండా ఆ పచ్చడి పల్లంరాజు జవాబు పిటిషన్లో తేలింది. మిక్సీ నిక్షేపంలా పనిచేస్తున్నదనీ, ఫిర్యాదుదారు భార్యే ఒప్పుకున్నదనీ.

"నా కేసు నీ చేత్తోనే ముంచావు కదే," అని మాస్టారు మండిపడ్డారు.

"అన్నం దగ్గర కేసులు మాట్లాడతామేంటండి?" ఆవిడా అంతే మండింది.

వాయిదా రోజున మిక్సీనీ, ఆశాజ్యోతినీ కూడా తీసుకురమ్మన్నారు. ఏ మిక్సీలో రుబ్బావమ్మా అని కమిషన్ అధ్యక్షురాలు అడిగితే ఆవిడ నిజం చెప్పింది. పల్లంరాజు లేచాడు. "అబద్ధమండి. బంగారంలాంటి మిక్సీ అండి. వాడడం రావాలంతే. చూడండి," అంటూ తనే ప్లగ్గు పెట్టి మీట తిప్పాడు.

మిక్సీ ఒకసారి గుర్రుమంది. తర్వాత హాలంతా పొగ. అధ్యక్షురాలు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు దగ్గుతూనే నిలబడ్డారు.

"వాడడం చేతకాక కాలిందని రాసుకోండి మేడమ్. ఎవరికి చేతకాలేదో కూడా రాయండి."

కొత్త మిక్సీ ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. పల్లంరాజే మోసుకొచ్చాడు, మళ్లీ సరిగ్గా పన్నెండున్నరకి. పెట్టె విప్పాడు గానీ మీట ముట్టుకోలేదు. "మీరే వేయండి అమ్మగారూ. ఆ రోజు నోరు జారానండి. మీకు చేతకాకపోవడమేంటండి." ఆ మాటతో మాస్టారికి కడుపు నిండిపోయింది. "కూర్చోండి, భోంచేసి వెళ్దురుగాని," అన్నారు.

ఇంటికొచ్చిన మనిషి ముందు కొత్తదీ పొగలు కక్కితే ఎందుకొచ్చిన గొడవని, పచ్చడి మాత్రం ఆశాజ్యోతి తలుపులమ్మ మిక్సీలోనే వేసింది.